కొండ కింది బకుడు, విశ్వం ఆవలి బియాండర్



కైవారం నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడలోనూ తత్వాలు పాడిన చింతామణి తాలూకాలో నిలబడి కామిక్ పుస్తకాల దుష్టుల గురించి మాట్లాడబోతున్నాను. పురాణ కవికీ సూపర్‌హీరో కథకుడికీ చిక్కు ఒక్కటే. ఎదురులేని విరోధిని ఒకరు పుట్టించి పోతే, తరవాత వచ్చినవాడు అతణ్ణి ఎలా సంబాళించాలి?

చాలామంది వెనక్కి వెళ్లి ఆ విరోధి గతాన్ని తిరగరాస్తారు. కామిక్స్ లోకంలో దీన్ని రెట్‌కాన్ అంటారు. 1984లో మార్వెల్ ‘సీక్రెట్ వార్స్’లో జిమ్ షూటర్ బియాండర్‌ను తెచ్చాడు. మన విశ్వానికి ఆవలివాడు, హద్దు లేని శక్తి. 1988లో స్టీవ్ ఎంగిల్‌హార్ట్ అతణ్ణి అసంపూర్ణమైన కాస్మిక్ క్యూబ్‌లో (కోరింది నిజం చేసే వస్తువులో) ఒక భాగంగా తేల్చాడు. 2007లో మరో కథ అతణ్ణి ఇన్‌హ్యూమన్ జాతి మ్యూటెంట్‌ను చేసింది. శక్తికి లెక్క కుదిరిన కొద్దీ భయం తరిగింది.

మరో మార్వెల్ విరోధి థానోస్‌ది ఇంకో దారి. అతణ్ణి 1973లో సృష్టించిన జిమ్ స్టార్లినే, అతడి వెనకటి ఓటములు కొన్ని నకళ్లకు జరిగినవని 2002లో ‘ఇన్ఫినిటీ అబిస్’లో రాశాడు. విరోధి పరువు దక్కింది. ఆ ఓటములను నిజమని నమ్మి చదివిన పాఠకుడే నష్టపోయాడు.

మూడో దారి గెలాక్టస్‌ది. అతడు 1966లో గ్రహాలను మింగే ఆకలిగా వచ్చాడు. అతడి ప్రాణం కాపాడినందుకు సూపర్‌హీరో రీడ్ రిచర్డ్స్‌ను విచారణకు నిలబెట్టిన 1984 నాటి కథలో, ఈ సృష్టికి గెలాక్టస్ కూడా అవసరమేనని జాన్ బర్న్ తేల్చాడు. మింగిన గ్రహాలు తిరిగి రాలేదు. జరిగింది జరిగినట్టే ఉంది, దాని అర్థం మాత్రం మారింది.

ఈ మూడో దారి మనకు పాతదే. వాల్మీకి రావణుడు బ్రహ్మ వరంతో విర్రవీగినవాడు. భాగవతంలో అతడు శాపం తగిలి మూడు జన్మలెత్తిన వైకుంఠ ద్వారపాలకుల్లో ఒకడయ్యాడు. సీత పడిన కష్టంలో ఒక్క పూట కూడా తగ్గలేదు. అయితే కొత్త ప్రశ్న పుట్టింది: రాక్షసజన్మ శాపఫలమైనప్పుడు పాపం ఎవరి ఖాతాలో పడాలి? వెనకటి కథను కొట్టెయ్యకుండా ఇలాంటి ప్రశ్నను రేపగలిగిన సవరణే నిలుస్తుందని నా వాదన.

మన కైవారాన్నే చూడండి. భారతంలో భీముడు బకాసురుణ్ణి చంపి, కళేబరాన్ని ఏకచక్రపురం వాకిట పడేస్తాడు. బకుడి కథ అక్కడితో సరి. తమ ఊరే ఏకచక్రపురమని చెప్పుకొనే కైవారంవాళ్లు మాత్రం అక్కడితో వదల్లేదు. భీముడు ఆ రాక్షసుణ్ణి కొండలోకి తోసి బండ అడ్డం పెట్టాడంటారు. ఊళ్లో భీమలింగేశ్వరుడి గుడి ఉండనే ఉంది. భీముడి గెలుపుకు లోటు రాలేదు, బకుడి బరువూ తగ్గలేదు. ఏ సంపాదకుడి అనుమతీ అడగకుండా జనం చేసిన సవరణ ఇది. తెలంగాణలో బోధన్ కూడా తానే ఏకచక్రపురమంటుంది. ఆ తగవు తీర్చడం మన పని కాదు. ఏ ఊరు బకుడికి ఏ గతాన్ని, ఏ ముగింపును ఇచ్చిందో పోల్చి చూడడమే మన పని.

అందుకే ఈ సదస్సుకు నా ప్రతిపాదన ఒకటే. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో తెలుగులోనూ కన్నడలోనూ చెప్పుకొనే రాక్షస కథలను, చెప్పినవారి మాటల్లోనే, పాఠభేదాలతో సహా సేకరిద్దాం. ఏది అసలుదని తేల్చే తొందర వద్దు. ఎవరు, ఎందుకు మార్చారో ప్రతి కథ పక్కనా రాసి పెడదాం.