అంతము చూచినవాడెవడు?

(మార్కాపురమున ధనుర్మాస సందర్భమున భక్తులకు చేసిన ప్రసంగము యొక్క పాఠము)



ప్రతిదినము అర్చన వేళ శ్రీ లక్ష్మీచెన్నకేశవస్వామిని మనము 'అఖిలాండకోటి బ్రహ్మాండనాయకా' అని పిలుచుచున్నాము. ఇచట కోటి అనగా నూరు లక్షలని అర్థము కాదు; లెక్కకు అందనివని భావము. పిలుపు మనకు అలవాటైపోయినది గాని, అందులో ఒక పెద్ద ప్రశ్న ఇమిడియున్నది. ఈ విశ్వమునకు ఎల్ల కలదా, లేదా? కలదందుమా, ఆ ఎల్లకు ఆవల ఏమున్నది? లేదందుమా, అంతులేనిదానిని మనస్సు ఎట్లు ఊహించును? కళాశాలలో చదువుకొను పిల్లలు నేడు ఈ ప్రశ్న అడుగుచున్నారు. వారికి తగిన సమాధానము చెప్పకపోయినచో, శాస్త్రము వేరు, దేవాలయము వేరు అని వారు తమ మనస్సును రెండుగా చీల్చుకొందురు. అందుచేత నేడు ఈ విషయమును ఎత్తుకొనుచున్నాను.

మొదట మన గ్రంథముల మాట చూతము. భాగవత తృతీయస్కంధము బ్రహ్మాండపు విస్తారము ఏబది కోట్ల యోజనములని చెప్పుచున్నది. దానిపై ఒకదానికంటె ఒకటి పదిరెట్లు దళసరియైన ఆవరణములు కలవనియు, అట్టి అండములు కోట్ల కొలదిగా భగవంతునియందు పరమాణువులవలె కనబడుననియు చెప్పుచున్నది. అనగా మన అండమునకు కొలత కలదు. అండముల సంఖ్యకు కొలత లేదు.

జ్యోతిష సిద్ధాంతములు వేరొక త్రోవను పోయినవి. సూర్యసిద్ధాంతము ప్రకారము చంద్రకక్ష్య 3,24,000 యోజనములు. ఒక కల్పమున, అనగా 432 కోట్ల సంవత్సరములలో, చంద్రుడు 57,75,33,36,000 సార్లు తిరుగును. ఈ రెంటిని గుణింపగా 18,71,20,80,86,40,00,000 యోజనములు వచ్చును. దీనినే ఆకాశకక్ష్య అనిరి. బ్రహ్మాండపు చుట్టుకొలత ఇదియే అనిరి. మన మార్కాపురపు పలక మీద ఏ బాలుడైనను ఈ గుణకారము చేసి సరిచూచుకొనవచ్చును.

అయితే 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు ఇట్టి సంఖ్య వద్దకు వచ్చి ఏమనెనో గమనింపుడు. బ్రహ్మాండము ఇంతే అగుగాక, కాకపోవుగాక. ఒక కల్పమున ప్రతి గ్రహము నడచు దూరము మాత్రము ఇంత అని మా మతము. ఇది ఆయన మాటల తాత్పర్యము. అంతకు ఐదువందల ఏండ్లకు పూర్వమే, 629లో, ఆర్యభటీయమునకు భాష్యము వ్రాసిన మొదటి భాస్కరుడు సూర్యకిరణములు వ్యాపించినంత మేరయే మనకు ఆకాశమనియు, దానికి ఆవలి ఆకాశము అపరిమితమనియు చెప్పెను. లెక్క తెలిసినవారే లెక్క ఎచట ఆగవలెనో కూడ తెలిసికొనిరి.

ఇక ఆధునికుల మాట. ఆకాశమునుండి మనకు వచ్చు వార్తలకు ప్రధానమైన వాహనము కాంతి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై ఫ్రాన్సు దేశపు జాన్సెన్ మన పొరుగుననున్న గుంటూరునకు వచ్చెను. సూర్యుని అంచున ఎగయు జ్వాలల కాంతిని విడదీసి చూచి, అవి మిక్కిలి కాగిన వాయువులని గ్రహించెను. సూర్యుని వద్దకు ఆయన పోలేదు. సూర్యుని వెలుగే ఆయన వద్దకు వచ్చెను.

ఆ వెలుగు సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోవును. విశ్వము వయస్సు దాదాపు 1,380 కోట్ల సంవత్సరములని నేటి లెక్క. అంతకుమించిన కాలము ప్రయాణము చేసిన కాంతి ఏదియు మనకు అందియుండదు. కాంతి దారిలో ఉండగానే విశ్వము విస్తరించుచుండుటచేత, ఆ కాంతి బయలుదేరిన చోట్లు నేడు దాదాపు 4,600 కోట్ల కాంతి సంవత్సరముల దూరమునకు జరిగినవి. ఇది మన చూపునకు ఎల్ల. విశ్వమునకే ఎల్ల అని శాస్త్రజ్ఞులు చెప్పుట లేదు. పొగమంచు వేళ కంభం చెరువుకట్టపై నిలిచినవానికి నీరు కొంతదూరమే కనబడును. అంతటితో చెరువు ముగిసినదనుట తగునా?

మరియొక సూక్ష్మము కలదు. అంచు లేకపోవుట వేరు, అనంతమగుట వేరు. గుడి చుట్టు ప్రదక్షిణము చేయువానికి 'ఇక త్రోవ లేదు' అను చోటు రాదు. అయినను ఒక చుట్టునకు ఇన్ని అడుగులని లెక్క కలదు. విశ్వము కూడ ఇట్లే పరిమితమై, అంచు లేనిదై ఉండవచ్చునని 1917లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించెను. అట్లయినచో ఆకాశమునకు ఒక వంపు ఉండవలెను. 2009లో పంపబడిన ప్లాంక్ ఉపగ్రహము మొదలగువాని కొలతలలో అట్టి వంపు స్పష్టముగా కనబడలేదు. కావున విశ్వము అనంతమే కావచ్చును. కాని మన కళ్లము చదునుగా ఉన్నంత మాత్రమున భూమి బల్లపరుపుగా ఉన్నదనరాదు గదా! మిక్కిలి పెద్ద గోళపు వంపు మన కొలతకు అందకపోవచ్చును. ప్రశ్న నేటికిని తీరలేదు.

ఇచట ఒక మాట నిష్కర్షగా చెప్పవలసియున్నది. నేటి విజ్ఞానమంతయు పురాణములందు ముందే ఉన్నదని కొందరు సభలలో చెప్పుచుందురు. చప్పట్లు వచ్చును గాని లెక్క నిలువదు. సూర్యసిద్ధాంతము భూవ్యాసము 1,600 యోజనములనుటచేత, దాని యోజనము దాదాపు 8 కిలోమీటర్లగును. ఆ లెక్కన ఆకాశకక్ష్య దాదాపు 16 వేల కాంతి సంవత్సరములు. మన పాలపుంత ఒక్కటియే అంతకు ఎన్నో రెట్లు పెద్దది. పురాణము చెప్పిన ఏబది కోట్ల యోజనములనైతే కాంతి ఒక్క దినములోపలనే దాటిపోవును. ఇందువలన పెద్దల గౌరవమునకు లోటు రాదు. దూరదర్శిని లేని కాలమున కంటిచూపుతో, గణితముతో వారు సాధించినది సామాన్యము కాదు. వారు చెప్పనిదానిని చెప్పినట్లు వారికి అంటగట్టుటయే వారికి అగౌరవము.

త్రిపురాంతకమున శివుని సేవించు మన ప్రాంతమువారికి లింగోద్భవ కథ తెలిసినదే. ఆద్యంతములు లేని తేజఃస్తంభము ఎదుట నిలువగా, విష్ణువు వరాహరూపమున దాని మొదలు వెదకబోయెను. బ్రహ్మ హంసరూపమున కొన వెదకబోయెను. ఇరువురికిని అంతము దొరకలేదు. విష్ణువు తిరిగివచ్చి, కనబడలేదని ఉన్నమాట చెప్పెను. బ్రహ్మ మొగలిపువ్వును సాక్షిగా తెచ్చి, చూచితిననెను. శివపురాణమున ఫలితమేమి? బ్రహ్మకు పూజ లేకపోయెను. మొగలిపువ్వు శివపూజకు దూరమయ్యెను. విష్ణువునకు తనతో సమానమైన పూజ కలుగునని శివుడు వరమిచ్చెను. కనుగొనలేకపోవుట ఇరువురియందును సమానమే. శిక్ష పడినది అబద్ధమునకు. వరము లభించినది సత్యమునకు.

అట్లు ఉన్నమాట చెప్పిన విష్ణువే మన ఊర చెన్నకేశవుడై కొలువుతీరి ఉన్నాడు. కనుక మీ ఇంట పిల్లవాడు విశ్వమునకు అంతమున్నదా అని అడిగినచో, వానిని కసరకుడు. తోచిన సంఖ్యయొకటి చెప్పి పంపివేయకుడు. ఇంతవరకు కొలిచిరి, ఆవల ఇంకను తెలియదు అని చెప్పుడు. తెలియదనుట వలన భక్తికి హాని లేదు. విశ్వము పరిమితమైనను, అపరిమితమైనను, స్వామి నాయకత్వము దాని కొలతపై ఆధారపడియుండదు. ఆ పిల్లవాడు రేపు ఇంకను దూరము చూడగలిగినచో, అదియును స్వామి సేవయే.

స్వస్తి.