పహ్లూదార్ మాట

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ భాష గురించి నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నాకిచ్చిన వ్యవధిలో ఉర్దూ మొత్తం గురించి చెప్పడం కాని పని. అందుకని ఒక్క మాట పట్టుకొచ్చాను. ఆ మాట ‘పహ్లూదార్’. ఉర్దూ చదవడం రాని పిల్లలు కూడా సభలో ఉన్నారు గనుక తెలుగులోనే చెబుతాను.

‘పహ్లూ’ ఫారసీ మాట. మనిషి పక్క, డొక్క అని దాని అసలు అర్థం. దాని నుంచి ఉర్దూలో ఎన్ని పలుకుబళ్లు పుట్టాయో చూడండి. నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లితే పహ్లూ బదల్నా. చందా పుస్తకం కనబడగానే పక్క సందులోకి తిరిగితే పహ్లూ బచానా. (నవ్వుతున్నారు, నేను ఎవరి పేరూ చెప్పలేదు.) ఒప్పుకున్న పని చేయకుండా తప్పుకుంటే పహ్లూతిహీ, అంటే పక్కను ఖాళీ చేయడం. ఒక సంగతిని అన్ని కోణాల్లోంచి ఆలోచిస్తే హర్ పహ్లూ సే.

ఇక వస్తువుల సంగతి. ఆరు పక్కలుంటే షష్ పహ్లూ, ఎనిమిది పక్కలుంటే హష్త్ పహ్లూ. తెలుగువాళ్లు దీన్ని పలక అంటారు. ఆరు పలకల పెన్సిలు అంటాం కదా. పిల్లవాడు రాసే పలకా అదే, పెన్సిలుకుండే పలకా అదే. గుండ్రటి పెన్సిలు వాలు బల్ల మీద నిలవదు, పలకల పెన్సిలు పెట్టినచోట ఉంటుంది. మూడో తరగతి పిల్లవాడికి పహ్లూ అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాధనం దొరకలేదు.

మరి ఎన్నో విద్యలు తెలిసిన మనిషిని పహ్లూదార్ అంటామా? అనం. తెలుగులో బహుముఖ ప్రజ్ఞాశాలి అన్నచోట ఉర్దూలో హమాజిహత్ అంటాం. జిహత్ అంటే దిక్కు. తెలుగు మాటలో ముఖం ఉంది, ఉర్దూ మాటలో దిక్కు ఉంది. రెండూ గౌరవమైన మాటలే. అయితే ఈమధ్య సన్మాన పత్రాల్లో బహుముఖ ప్రజ్ఞాశాలి కానివారు ఒక్కరూ కనబడటం లేదు. ఆ మాటకు నిజంగా తగినవారు పిఠాపురం ఉమర్ ఆలీషాగారు (1885-1945). పద్యం రాశారు, నాటకం రాశారు, నవల రాశారు, ఖయ్యామ్ రుబాయీలను ఫారసీ నుంచి తెలుగులోకి తెచ్చారు, ఆధ్యాత్మిక పీఠం నడిపారు. ఎన్ని ముఖాలున్నా మనిషి ఒక్కడే.

పహ్లూదార్ అనే మాటను మనం మనిషికి గాక మాటకు అంటిస్తాం. పహ్లూదార్ బాత్ - ఒకటి చెప్పి ఇంకొకటి అనిపించే మాట. కవిత్వంలో ఇది తప్పు కాదు, అలంకారం. దానికి ఈహామ్ అని పేరు. ఒక పదానికి దగ్గరి అర్థం ఒకటి, దూరపు అర్థం ఒకటి ఉంటాయి. వినేవాడి మనసు దగ్గరిదాని మీదికి పోతుంది, కవి ఉద్దేశం మాత్రం దూరపుది. 18వ శతాబ్దం మొదట్లో ఢిల్లీ ఉర్దూ కవులకు దీని పిచ్చి పట్టింది. వాళ్లలో పెద్దవాడైన షా హాతిమ్ తర్వాత తానే దాన్ని వదిలేసి, పాత కవిత్వాన్ని ఏరి, దిద్ది ‘దీవాన్‌జాదా’ అని కొత్త సంపుటి చేసుకున్నాడు. తెలుగులోనూ పింగళి సూరన ‘రాఘవపాండవీయము’ ఉంది. ఒకే పద్యం ఇటు రామాయణం, అటు భారతం. అయితే అక్కడ కవి ముందే చెప్పి చేస్తాడు. చదివేవాడు మోసపోడు, ఆనందిస్తాడు.

రత్నాల పనిలో ఇంకొక సంగతి ఉంది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు గనులు చూసిన టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు రాశాడు: రాయి శుభ్రంగా ఉంటే మన సానవాళ్లు బరువు తగ్గుతుందని పైనా కిందా కాస్త తాకించి వదిలేసేవారట. మచ్చో, పగులో, నల్ల నలుసో ఉంటే మాత్రం ఆ లోపం కనబడకుండా రాయి నిండా పలకలు తీసేవారట. పలక తీస్తే బరువు పోవడం మాత్రం ఖాయం. 1852లో లండన్‌లో కోహినూరును మళ్లీ సానబట్టినప్పుడు 191 కారట్ల రాయి 105 కారట్ల పైచిల్లరకు దిగింది.

లోపం కప్పడానికి తీసే పలకలు మన ఇళ్లలో పెళ్లి సంబంధాల దగ్గర చూడాలి. పిల్లవాడి తరఫువారు వచ్చి కూర్చుంటారు. “మాకేం వద్దు భాయ్, అల్లా ఇచ్చింది చాలు. మీ బిడ్డకు ఖుషీగా మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం” అంటారు. చాయ్ తాగుతూ, పెద్దబ్బాయికి అత్తవారు ఏమిచ్చారో మాటల్లో చెబుతారు. ఖాందాన్‌లో నలుగురూ చూస్తారు కదా అంటారు. దగ్గరి అర్థం ‘వద్దు’. దూరపు అర్థం జోడే కీ రఖమ్, బండి, ఫర్నిచర్. షా హాతిమ్ వదిలేసిన ఈహామ్‌ను మనవాళ్లు ఇంకా వదలలేదు! ఆడపిల్ల తండ్రికి ఆ రాత్రంతా పహ్లూ బదల్నాయే. ‘అడిగారు’ అని అతను ఎవరితోనూ చెప్పుకోలేడు. వాళ్లు అడగలేదు మరి! అప్పు మాత్రం నిజంగా చేస్తాడు.

1961 వరకట్న నిషేధ చట్టం ఈ సంగతి ముందే పసిగట్టింది. ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని ఇచ్చినదీ, ఇస్తామని ఒప్పుకున్నదీ కట్నమేనని అందులో ఉంది. మహర్ కట్నం కిందికి రాదనీ ఆ చట్టమే చెప్పింది. మహర్‌లో పహ్లూ లేదు. ఎంతో, ఎప్పుడిస్తారో సాక్షుల ముందు పైకి చెబుతారు, రాస్తారు.

ఇంకొక విషయం మీరు గమనించారో లేదో. నికాహ్ ఖుత్బాలో ఖాజీ సాహెబ్ చదివే ఆయత్‌లలో సూరా అహ్‌జాబ్‌లోనిది ఒకటుంది. అల్లాహ్‌కు భయపడండి, సూటి మాట మాట్లాడండి అని దాని తాత్పర్యం. అరబీలో ఆ మాట ‘ఖౌలన్ సదీదా’. సంబంధం కుదిరింది మెలికల మాటతో, ఖుత్బాలో వినేది సూటి మాట గురించి. అరబీ కాబట్టి అర్థం కాలేదని కొందరు తప్పించుకోవచ్చు. ఇవాళ తెలుగులో చెప్పేశాను.

ఇన్షా అల్లాహ్ సంగతి కూడా ఇలాగే అయింది. రేపు చేస్తాను అన్నప్పుడు అల్లాహ్ తలిస్తే అని చేర్చమని సూరా కహఫ్‌లో ఉంది. చేయాలనే నియ్యత్ ఉన్నవాడు అనే మాట అది. మనం దాన్ని ‘కాదు’ అనడానికి వాడుతున్నాం. పదో తరగతి ప్యాసైన కూతురు “అబ్బా, కాలేజీలో చేరనా?” అంటే “చూద్దాం, ఇన్షా అల్లాహ్” అంటాం. ఆ పిల్ల దగ్గరి అర్థం నమ్ముకుని దరఖాస్తుల గడువు దాటేదాకా ఎదురుచూస్తుంది. చదివించదలచుకోకపోతే చదివించనని చెప్పాలి. అప్పుడు కనీసం ఆ పిల్ల తల్లో, మామయ్యో, ఈ సంఘమో వచ్చి మీతో వాదించడానికి వీలుంటుంది. చూద్దాం అన్నవాడితో ఎవరేం వాదిస్తారు?

సంఘం దగ్గర సంబంధాల రిజిస్టరు ఉంటుంది. పేరు, వయసు, చదువు, ఉద్యోగం రాసుకుంటాం. దానిలో ఇంకొక గడి గీయమని నా మనవి. ‘జోడే కీ రఖమ్ గాని, సామాను గాని తీసుకుంటారా?’ అని అడగాలి. జవాబు అవును, కాదు, రెండే. ‘మీ ఇష్టం’ అని రాస్తే ఆ దరఖాస్తు తిప్పి పంపాలి. కింద తండ్రి సంతకంతోపాటు పెళ్లికొడుకు సంతకం కూడా ఉండాలి. సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. వారు ఇన్షా అల్లాహ్ అంటారని తెలుసు, దాని అసలు అర్థంలోనే అంటారనీ తెలుసు. ఖుదా హాఫిజ్.