పెద్దల చేతికి ఫోను



ఈ పూట ఎరువుల సంగతి కాదు, విత్తనాల సంగతీ కాదు. మన ఇంటి అరుగుమీద కూర్చున్న పెద్దల సంగతి, వారి చేతికి ఇంకా సరిగా అందని ఫోను సంగతి చెప్పుకుందాము.

"ఇంట్లో నలుగురికీ ఉన్నాయి, నాకెందుకోయ్ ఫోను?" అని వారు అంటారు. "ముసలివాళ్లకు కొత్త పడదులే" అని మనం అనుకుంటాము. ఈ మాట నిజం కాదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు 1967లో ఐ.ఆర్.8 వరిని పండించి చూపిన రోజులు తలచుకోండి. పొట్టి పైరేమిటి, ఈ లావు గింజ ఎవరు తింటారు అని అప్పటి పెద్దలు పెదవి విరిచారు. ఆ మాట విని కూడా ఒక మడిలో వేసి చూసిన నాటి కుర్రవాళ్లే ఈనాటి మన తాతలు. కనుక వారికి కొత్తంటే భయం లేదు. ప్రయోజనం కళ్లారా చూడందే వారు దేనినీ నమ్మరు. అది మంచి రైతు లక్షణమే గదా!

మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. మా మేనమామగారికి ఎనభై దాటాయి. కాలవ కింద నాలుగెకరాల వరి ఉన్నది. మోకాళ్లు పట్టేసి గట్టు ఎక్కలేరు. సేద్యం మా బావ చూస్తాడు. ఒక సంక్రాంతికి వెళ్లి నేను కొత్త ఫోను ఆయన చేతిలో పెట్టాను. ఇవిగో పాటలు, ఇవిగో బొమ్మలు, ఇదిగో వార్తలు అని గబగబా చూపించాను. ఆయన ఒకటి నొక్కబోతే ఇంకొకటి తెరుచుకున్నది. "ఇలా ఇవ్వు మామయ్యా, నీకు తెలియదులే" అని చేతిలోంచి లాక్కున్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆ ఫోను గూట్లోకి వెళ్లింది, మరి బయటికి రాలేదు. తప్పు నాదే.

ఆ దాళ్వాలోనే పొలంలో పైరు అక్కడక్కడ గుండ్రంగా పసుపుబారింది. సత్తువ చాలలేదనుకొని మా బావ యూరియా చల్లబోయాడు. వెంట ఉన్న మనవరాలు తన ఫోనులో తాతగారిని పిలిచి చేను చూపించింది. ఇంట్లో అత్తయ్య ఫోను పట్టుకుంటే ఆయన చూశారు.

"ఆకులు చూపిస్తావేమే? దుబ్బు పాయదీసి, నీటి మట్టం దగ్గర మొదలు చూపించు" అన్నారు. చూపించింది. మొదళ్ల నిండా గోధుమరంగు దోమ! "సుడిదోమరా అది! యూరియా వేశావంటే ఇంకా పెరుగుతుంది. ముందు మడిలో నీరు తీసెయ్యి. మందు సంగతి వ్యవసాయాధికారిని అడిగిరా" అని కొడుకును హెచ్చరించారు. "నాట్లప్పుడు ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల కాలిబాట తీయమంటే వింటివా? గాలి ఆడక దోమ చేరింది" అని నాలుగు చీవాట్లు కూడా పెట్టారు.

ఆ సాయంత్రం ఆయనే గూట్లోంచి ఫోను తీసి, "ఇలా మనిషిని చూస్తూ మాట్లాడాలంటే ఎక్కడ నొక్కాలే అమ్మా?" అని మనవరాలిని అడిగారు. పాటలకూ బొమ్మలకూ కదలని మనిషి, తన అనుభవం మళ్లీ చేనుకు పనికివస్తుందని తెలిసేసరికి కదిలారు. నడవలేకపోయినా గట్టుమీద ఉన్నట్లే అయింది.

కనుక ఫోను నేర్పేముందు, ఈ పెద్దాయనకు దేనిమీద మనసున్నదో కనిపెట్టండి. ఒకరికి పొలం, ఒకరికి దూరాన ఉన్న కూతురు, ఒకరికి వాన కబురు. అక్కడ మొదలుపెట్టండి.

ఇక నేర్పే పద్ధతి. మొదట అక్షరాలు పెద్దవిగా, మోత గట్టిగా ఉండేటట్లు సరిచేయండి. రోజుకు ఒక్క పనే నేర్పండి. ఫోను వారి చేతిలోనే ఉండాలి, మన చేయి మన ఒడిలో ఉండాలి. పాత అలవాటు కొద్దీ పెద్దలు తెరను గట్టిగా అదిమిపడతారు. అలా పట్టి ఉంచితే ఫోను అది వేరే ఆజ్ఞ అనుకుంటుంది. గింజ ఏరినట్లు తాకి వేలు తీయమని చెప్పండి. పనిచేసి కాయలు కాచిన పొడి వేలును తెర ఒక్కొక్కసారి గుర్తించదు. తడిగుడ్డతో వేలు తుడుచుకుంటే సరి. పదిసార్లు అడిగినా పదకొండవసారి విసుక్కోకుండా చెప్పండి.

తెర ఫోను వద్దంటే బలవంతం వద్దు. బటన్ల ఫోను చాలు. 2004 జనవరిలో మొదలైన కిసాన్ కాల్ సెంటరు ఉన్నది. 1800-180-1551 నంబరుకు ఉదయం 6 గంటల నుంచి రాత్రి 10 గంటల దాకా పైసా ఖర్చు లేకుండా ఫోను చేసి, తెలుగులోనే పంట సందేహాలు అడగవచ్చును. ఈ నంబరు, ఆపదలో పిలిచే 112, అంబులెన్సుకు 108, పిల్లల నంబర్లు ఒక అట్టమీద పెద్ద అంకెలతో రాసి గోడకు తగిలించండి.

తెర ఫోను ఉంటే అందులో 'దామిని' పెట్టండి. పూణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసినది. మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల ముప్పు ఉంటే హెచ్చరిస్తుంది. పశువులను తోలుకెళ్లే పెద్దలకు ఇది ప్రాణం కాపాడే కబురు. హెచ్చరిక వచ్చినా, ఉరుము వినిపించినా చెట్టు కింద నిలబడరాదు, పక్కా ఇంటిలోకి చేరవలెను.

చివరిది, అతి ముఖ్యమైనది డబ్బు. "ఫోను ముట్టుకుంటే బ్యాంకులో డబ్బు పోతుందిట" అని పెద్దలు భయపడతారు. ఆ భయాన్ని చూసి నవ్వకండి, అందులో సగం నిజమున్నది. ఆ భయాన్నే జాగ్రత్తగా మార్చండి. ఫోనుకు వచ్చే ఓటీపీ అంకెలు ఎవరు అడిగినా చెప్పరాదు. మనకు డబ్బు రావడానికి పిన్ను నంబరు కొట్టనక్కరలేదు. కొట్టమన్నారంటే అది మోసమే. ఫోనులోనే అరెస్టు చేశామని పోలీసు వేషంలో బెదిరిస్తారు. అటువంటి అరెస్టు మన చట్టంలో లేదు, ఫోను పెట్టేయమని చెప్పండి. పొరపాటున డబ్బు పోతే దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బును ఆపే వీలు అంత ఎక్కువ. పెద్దలు దాచుకునేది మనం తిడతామనే గదా! తిట్టమని ముందే మాట ఇవ్వండి.

ఈ జాగ్రత్తలు తెలిస్తే పి.ఎం. కిసాన్ విడత రెండు వేలు పడిందో లేదో, పింఛను వచ్చిందో లేదో ఒకరిని బతిమాలకుండా తామే చూసుకోగలరు.

విస్తరణ మిత్రులకు ఒక్క మనవి. మీ సమావేశాలలో ముందు వరుసలో పెద్దలను కూర్చోబెట్టండి. ఫోను వారి చేతికిచ్చి వారిచేతనే 1800-180-1551కి మాట్లాడించండి. ఊళ్లో ఒక పెద్దాయన మాట్లాడితే, పక్కనున్న పెద్దాయన రేపు తానే అడుగుతాడు.

రైతు సోదరులారా! ఈ రాత్రి భోజనాలయ్యాక మీ నాన్నగారి పక్కన కాసేపు కూర్చోండి. ఫోను ఆయన చేతికివ్వండి. నేను చేసినట్లు మాత్రం లాక్కోకండి.