చివికిన పశువుల ఎరువు - కౌలు రైతు గడువు

(కూరగాయల రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం పశువుల ఎరువు. తాతల నాటి నుంచి వేస్తున్నదే కదా, ఇందులో చెప్పేదేముంది అనుకోవచ్చు. వేస్తున్నాం, నిజమే. కానీ మనం చేలోకి తోలుతున్నది చాలావరకు ఎరువు కాదు, పచ్చి పెంట. పైన ఎండకు ఎండి, లోపల పేడ పేడగానే ఉన్న సరుకు. ఆ రెంటికీ ఉన్న తేడా గురించే ఇవాళ మాట్లాడతాను.

ముందు లెక్క చూద్దాం. టన్ను పశువుల ఎరువులో సుమారు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాష్ ఉంటాయి. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. నత్రజని ఒక్కటే చూస్తే నాలుగు టన్నుల ఎరువు ఒక బస్తా యూరియాకు సమానం. బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. నాలుగు టన్నుల ఎరువు కొని, ఎత్తించి, ట్రాక్టరు కిరాయి కట్టి, చల్లించేసరికి ఎంతవుతుందో మీకే తెలుసు. దుకాణంలో ఈ లెక్కే చెప్పి మన నోరు మూయిస్తారు.

అయితే యూరియాలో భాస్వరం లేదు, పొటాష్ లేదు, జింకు లేదు. నేలను గుల్ల చేసే గుణం, తడిని పట్టి ఉంచే గుణం అసలే లేవు. ఇంకొక సంగతి. ఎరువులోని నత్రజనిలో మొదటి పంటకు అందేది మూడో వంతు మాత్రమే. మిగతాది తర్వాతి పంటలకు మెల్లగా అందుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, కౌలు దగ్గర మళ్లీ దీని అవసరం ఉంది.

యూరియా రేపటి నుంచే మానేయమని నేను అనను. 2021లో శ్రీలంక ప్రభుత్వం ఒక్కసారిగా రసాయన ఎరువుల దిగుమతి ఆపేసింది. రైతులు రోడ్డెక్కాక అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గింది. సేంద్రియం పేరు చెప్పి రైతు పంటతో ప్రయోగాలు చేయడాన్ని మనం ఒప్పుకోం.

మన ఎరువు బలం ఎక్కడ పోతోంది? మొదట పాకలోనే. పశువు విసర్జించే నత్రజనిలో ఇంచుమించు సగం మూత్రంలోనే ఉంటుంది, పొటాష్ కూడా ఎక్కువగా అందులోనే. పేడను గంపలకెత్తి కుప్ప వేస్తున్నాం, మూత్రాన్ని కాలవలోకి వదిలేస్తున్నాం. పశువుల కింద ఎండుగడ్డి వ్యర్థమో, చెరుకు ఆకో, పొడి మట్టో పరిచి, తడిసినదాన్ని రోజూ పేడతో పాటు గుంతలో వేస్తే చాలు. దీనికి పైసా ఖర్చు లేదు. పని మాత్రం ఉంది. ఆ పని ఎవరి మీద పడుతుందో కూడా చెప్పుకోవాలి. ఇంట్లో మగవాళ్లు గంప ఎత్తకుండా "ఈ పద్ధతి పాటించండి" అంటే అది ఆడవాళ్లకు మరో చాకిరీ అవుతుంది, అంతే.

రెండోది కుప్ప దగ్గర. ఎండకూ వానకూ వదిలేసిన కుప్పలో నత్రజని కొంత ఆవిరవుతుంది, కొంత వాన నీటితో కొట్టుకుపోతుంది. ఘాటు వాసన వస్తోందంటే నత్రజని గాలిలో కలుస్తోందన్నమాట. చెట్టు నీడలో, నీరు నిలవని మెరక మీద 20 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గుంత తీయండి. ఒక చివర నుంచి మూడడుగుల చొప్పున నింపుకుంటూ రండి. నింపిన భాగం నేల మీద అడుగున్నర ఎత్తుకు వచ్చాక పేడ, మట్టి కలిపి మెత్తేయండి. నాలుగైదు నెలల్లో చివుకుతుంది. పొరల మధ్య కాస్త సూపర్ ఫాస్ఫేటు చల్లితే నత్రజని ఆవిరి కావడం తగ్గుతుంది, ఎరువుకు భాస్వరమూ చేరుతుంది.

కూరగాయలకు, ముఖ్యంగా ఆకుకూరలకు వేసేవాళ్లు ఇంకో అడుగు ముందుకెయ్యాలి. కుప్పగా పోసి, గాలి ఆడేలా తిరగవేయాలి. పేడ ఒక్కటే కాకుండా ఎండుటాకులు, గడ్డి కలపాలి. పిడికిట్లో పట్టి పిండితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. కుప్పలో గునపం గుచ్చి కాసేపుంచి తీస్తే పట్టుకోలేనంత వేడి ఉండాలి. లోపల 55 డిగ్రీలు దాటిన వేడి కొన్ని రోజులు నిలిస్తేనే రోగకారక క్రిములు, కలుపు గింజలు చస్తాయి. అంచుల్లో ఆ వేడి ఉండదు కనుకనే తిరగవేయడం. గొర్రెల మంద కట్టించిన చేలో సర్కారు తుమ్మ మొలవడం చూసే ఉంటారు. కాయలు తిన్న గొర్రె పెంటతోనే ఆ విత్తనం వస్తుంది.

పచ్చి పెంట వేస్తే చెదలు వస్తాయి. వేరుశనగలో వేరు పురుగు వస్తుంది. కొబ్బరి ప్రాంతాల్లో కొమ్ము పురుగు గుడ్లు పెట్టేదే పెంటకుప్పల్లో. పైగా గడ్డి చివకకుండా నేలలో పడితే దాన్ని చివికించే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనినే వాడుకుంటాయి. ఎరువు వేశాక కూడా మొక్క పసుపెక్కిందంటే కారణం చాలాసార్లు ఇదే.

ఎరువు తయారైందని ఎలా తెలుస్తుంది? వేడి తగ్గుతుంది, కుప్ప సగానికి కుంగుతుంది, తొలకరి వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. అనుమానముంటే డబ్బాలో సగం మట్టి, సగం ఎరువు పోసి నాలుగు పెసలు వేయండి. సరిగా మొలిస్తే వాడుకోవచ్చు.

కోళ్ల ఎరువు గురించి చాలామంది అడిగారు. అందులో నత్రజని ఎక్కువ, లవణాలూ ఎక్కువ. పచ్చిగా మొదళ్ల దగ్గర వేస్తే మొక్క మాడుతుంది. గడ్డి కలిపి రెండు మూడు నెలలు చివికించాలి, పశువుల ఎరువు మోతాదులో నాలుగో వంతు మించకుండా వేయాలి.

మోతాదు కూరగాయలకు ఎకరాకు 8 నుంచి 10 టన్నులు. పెరటి తోటకు సెంటుకు ఒక క్వింటాలు అని గుర్తుంచుకోండి. ఎండు తెగులు ఉన్న చేలల్లో 90 కిలోల చివికిన ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి చల్లి, గోనెపట్టా కప్పి నీడలో వారం పది రోజులు ఉంచి ఆఖరి దుక్కిలో వేయండి.

వేసవిలో తోలి చేలో చిన్న చిన్న కుప్పలుగా పోసి తొలకరి దాకా వదిలేసే అలవాటు మనకుంది. వాన పడితే ట్రాక్టరు దిగదనే భయంతో చేస్తున్న పనే అది, తప్పుపట్టను. కానీ గట్టు పక్కన ఒకటే పెద్ద కుప్ప పోసి తాటాకులు కప్పండి. చల్లిన రోజే దున్నేయండి.

ఇక కౌలు సంగతి. ఎరువు బలం రెండు మూడేళ్లు ఉంటుందన్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకిచ్చే కార్డు గడువు 11 నెలలు, అదీ భూ యజమాని సంతకం పెడితేనే. ఈ ఏడు పది టన్నులు తోలిన కౌలు రైతును వచ్చే ఏడు లేపేస్తే ఆ ఎరువు ఎవరిది? బాగుపడిన నేలకు కౌలు పెంచి మరొకరికి ఇస్తారు. కౌలు రైతు యూరియా ఒక్కటే వేస్తున్నాడని విమర్శించే అధికారులు దీనికి జవాబు చెప్పాలి. ఇంగ్లండులో 1883లోనే చట్టం చేశారు. కొని తెచ్చి వేసిన ఎరువు బలం ఇంకా నేలలో మిగిలి ఉండగా కౌలుదారు వెళ్లిపోవలసి వస్తే యజమాని పరిహారం ఇవ్వాలి. దొరల దేశంలో దొరల ప్రభుత్వం చేసిన పని మనకు ఇన్నేళ్లయినా కుదరలేదు.

మరొకటి. 2023 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం సేంద్రియ ఎరువుకు టన్నుకు 1500 రూపాయల సాయం ఆమోదించింది, మూడేళ్లకు 1451 కోట్లకు పైగా కేటాయించింది. అది గోబర్ధన్ కింద నడిచే ప్లాంట్లలో తయారయ్యే సరుకుకు. మన గుంతలో చివికిన టన్నుకు రూపాయి లేదు. పేడ మనది, చాకిరీ మనది. అదే 1500 పంచాయతీలో కొలత వేయించుకున్న రైతుకూ ఇవ్వాలని అడుగుతున్నాం.

ఉపాధి హామీ పనుల్లో నాడెప్ తొట్లు కట్టించిన ఊళ్లున్నాయి. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, గోడల్లో గాలికి కన్నాలు. క్వింటాలు పేడ ఉంటే చాలు, మిగిలినదంతా చెత్త, మట్టి, నీళ్లు. ఒకటి రెండు పశువులున్న ఇంటికి ఇదే మేలు. చాలాచోట్ల బిల్లు వచ్చాక ఆ తొట్లలో ఒక్క గంప చెత్త కూడా పడలేదు, అదీ చూశాం.

వచ్చే నెల మండల సమావేశానికి ప్రతి గ్రామ శాఖ ఒక కాగితం రాసుకు రావాలి. ఊళ్లో గుంత ఉన్న ఇళ్లెన్ని, తొట్టి కావాలనే వాళ్లెవరు, వాళ్లలో సొంత స్థలం లేని కౌలు రైతులెవరు, పంచాయతీ స్థలంలో ఉమ్మడి గుంతకు చోటుందా. ఆ కాగితాలతోనే ఎంపీడీవో ఆఫీసుకు వెళ్దాం.