తలుపు గడియ కూడా హక్కే

(పద్మనాభంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శరణార్థుల ఇళ్ల గురించి మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు, మన పద్మనాభానికీ శరణార్థులకీ ఏం సంబంధం అని మీలో కొందరు అడిగారట. సంబంధం ఉంది. ఈ ఊరి పేరు చరిత్రకెక్కింది 1794 జూలై 10న జరిగిన యుద్ధంతో. కంపెనీ సైన్యంతో పోరాడి విజయరామరాజు చనిపోయాక, ఆయన కొడుకు నారాయణ బాబు కొండ జమీందారుల దగ్గర తలదాచుకున్నాడు. రాజు కొడుకు ఆశ్రయం కోరితే చరిత్ర అంటాం. కూలివాడి కూతురు ఆశ్రయం కోరితే చొరబాటు అంటాం. ఈ తేడా ఎందుకొచ్చిందో మనం ఆలోచించాలి.

రాజుల సంగతి అలా ఉంచండి. 'రంగం' పోయిన మనిషి లేని ఊళ్లు మన ఉత్తరాంధ్ర తీరంలో ఎన్ని ఉంటాయి? విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి రంగూన్ వెళ్లి, బియ్యం మిల్లుల్లో, రేవుల్లో మూటలు మోసింది మన తాతలే. 1930 మేలో అక్కడి తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, యజమానులు బర్మా వాళ్లను పనిలోకి దించారు. సమ్మె తీరగానే వాళ్లను పొమ్మన్నారు. యజమానులు పెట్టిన చిచ్చులో కూలీలూ కూలీలూ కొట్టుకున్నారు. మనవాళ్లు ఎందరో చనిపోయారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలాది మంది అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964లో దుకాణాలు జాతీయం చేసింది. మళ్లీ లక్షల మంది కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు నేటికీ అలాగే ఉంది.

మా అత్తగారు అలా వచ్చినామే. అప్పటికి పదకొండేళ్ల పిల్ల. క్యాంపు రోజుల్లో ఆకలి గురించి ఆవిడ పెద్దగా చెప్పదు. స్నానం గురించే చెబుతుంది. "నాలుగు కర్రలకి గోనె కట్టీవోరు. మాయమ్మ బయట కాపలా నిలబడీది. నాకు ఒళ్లంతా కళ్లు గుచ్చుకున్నట్టుండీది" అంటుంది. చీకటి పడేదాకా బహిర్భూమికి వెళ్లడానికి లేదు గనక పగలు నీళ్లు తాగడం మానేశారట. కాందిశీకుల లెక్కల్లో కుటుంబాలుంటాయి, రేషనుంటుంది. ఈ గోనె పట్టా ఏ లెక్కలోనూ ఉండదు.

అయినా వాళ్లు తిరిగొచ్చిన మనవాళ్లు. ప్రభుత్వం కాందిశీకులుగా గుర్తించింది. ఆ గుర్తింపు కూడా లేనివాళ్ల సంగతి చూడండి. అదే బర్మా నుంచి, 2012 హింస తరువాతా, 2017 హింస తరువాతా పారిపోయిన రోహింగ్యాల్లో కొన్ని వేలమంది హైదరాబాదు బాలాపూర్ చుట్టుపక్కల ఉన్నారు. ప్రైవేటు వాళ్ల ఖాళీ స్థలాల్లో వెదురూ ప్లాస్టిక్ పట్టాలతో గుడిసెలు వేసుకుని, ఆ జాగాకి అద్దె కడుతున్నారు. ఒప్పందం కాగితం ఉండని చోట రేపు ఖాళీ చేయమంటే చేయాల్సిందే. ఇలాంటి గుడిసెకి నిప్పంటుకుంటే వరసంతా పోతుంది. ఢిల్లీ కాళింది కుంజ్‌లో 2018 ఏప్రిల్‌లో ఒక్క రాత్రిలో రెండు వందల మందికి పైగా గూడు కోల్పోయారు. ప్రాణంలా దాచుకున్న ఐక్యరాజ్య సమితి కార్డులు కూడా కాలిపోయాయి.

ఈ ఇళ్లలో ఆడదాని పరిస్థితి ఏమిటి? గడియ లేని తలుపు. అందరికీ కలిపి ఒక మరుగుదొడ్డి, దానికి దీపం ఉండదు. స్థలం యజమాని చెయ్యి వేస్తే, భర్త కొడితే, పోలీసు స్టేషనుకు వెళ్లాలంటే భయం. ఫిర్యాదు ఇవ్వడానికి పోతే నీ కాగితాలేవి అంటారని. అంటే ఇల్లు సరిగా లేకపోవడం, న్యాయం అందకపోవడం రెండు సమస్యలు కావు, ఒకటే.

చట్టం ఏమంటుంది? 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. విదేశీయులందరికీ వర్తించే చట్టమే వీళ్లకూ వర్తిస్తుంది. 1946 నాటిది పోయి 2025లో కొత్తది వచ్చింది. 2019 పౌరసత్వ సవరణ మూడు దేశాలకీ ఆరు మతాలకీ మాత్రమే దారి ఇచ్చింది. అందులో బర్మా లేదు. కానీ రాజ్యాంగం 21వ అధికరణం 'పౌరులకి' అనలేదు, 'ఏ వ్యక్తికీ' అన్నది. 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 1998లో హౌరా రైల్వే యాత్రీ నివాస్‌లో ఒక బంగ్లాదేశ్ స్త్రీపై సామూహిక అత్యాచారం జరిగితే, ఆమె విదేశీయురాలైనా ఆ హక్కు ఆమెదేనని, పది లక్షల పరిహారం ఇవ్వాల్సిందేనని 2000లో తీర్పిచ్చింది. 2021లో రోహింగ్యాలను పంపివేయడం ఆపమంటే మాత్రం ఒప్పుకోలేదు. పద్ధతి ప్రకారమే పంపాలంది. ఆ ఉత్తర్వులో కూడా 14, 21 అధికరణాలు అందరివీ అనే చెప్పింది. కనుక ఉండనివ్వాలా వద్దా అన్న వాదన ఎటు తేలినా, ఉన్నన్నాళ్లూ మనిషిలా చూడాలన్న దానిలో వాదన లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. ఉక్కు ఫ్యాక్టరీకి ఊళ్లిచ్చినవాళ్లే ఆర్ కార్డులు పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగారు, మనవాళ్లకే ఇళ్లు లేవు, పరాయివాళ్లకెందుకు అంటున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నిర్వాసితుల ఇళ్లు ఏ శరణార్థులూ ఎత్తుకుపోలేదు. 1930లో రంగూన్ కూలీల మధ్య పెట్టిన పోటీ ఇదే. పైవాడు ఇవ్వాల్సింది ఇవ్వకుండా, కిందివాళ్లిద్దరినీ ఒకే ముద్ద కోసం కొట్టుకోమంటాడు. పైగా, కాగితం లేనివాళ్లను గుడిసెలోంచి ఈడ్చేయడం తప్పు కాదని ఒప్పుకున్నామంటే, పట్టా లేని మన బస్తీ ఆడవాళ్ల మీదికి అదే బుల్డోజరు రావడానికి ఎంతో కాలం పట్టదు.

మరి మనం ఏం చేయగలం? మొదట కొలవడం నేర్చుకుందాం. సహాయ సంస్థలు ప్రపంచమంతటా పాటించే స్ఫియర్ ప్రమాణాలున్నాయి. నీడ ఉన్న చోటు మనిషికి కనీసం మూడున్నర చదరపు మీటర్లు, రోజుకి 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, ఆడవాళ్లకి వేరుగా, లోపల గడియతో. ఏ బస్తీకి వెళ్లినా టేపు పట్టుకుని వెళ్లండి. ఇటుక బట్టీల దగ్గర ఒడిశా కుటుంబాల గుడిసెలు కూడా కొలవండి. అంకె చేతిలో ఉంటే అధికారి ముందు మన మాటకి బలం వస్తుంది.

రెండోది, 1987 న్యాయ సేవల చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ, ప్రతి బిడ్డకీ ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆ సెక్షన్‌లో పౌరురాలు అనే మాట లేదు. జిల్లా న్యాయ సేవా సంస్థకి తోడు తీసుకెళ్లండి. మూడోది, 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరిదీ. కాగితాలు లేవని బడి గుమ్మం దగ్గర ఆపితే మీరు పక్కన నిలబడండి. నాలుగోది, కాన్పుకు ఆసుపత్రికి వెళ్లే మనిషిని ఒంటరిగా పంపకండి.

ఇవేవీ పెద్ద పనులు కావు. మా అత్తగారికి ఆనాడు కావలసింది కూడా పెద్దదేమీ కాదు. ఒక తలుపు, దానికి లోపలి నుంచి ఒక గడియ. అది ఇప్పించడం దయ కాదు, మన సంఘాల పని.