ఊడ్చే ముందు ఫొటో తియ్యండి



నేను ఇన్సూరెన్స్ ఏజెంటుని కాను, సంఘం లెక్కలు చూసుకునే సెక్రటరీని. అయినా ఈ విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ఎందుకంటే ఇందులో నేను పెద్ద తప్పు చేశాను. అది మీరు చెయ్యకూడదనే చెబుతున్నాను.

మాది బరంపురం. గోపాల్‌పూర్ సముద్రం మాకు దగ్గరే. 2013 అక్టోబర్ 12 రాత్రి, దసరా రోజుల్లో, ఫైలిన్ తుఫాను అక్కడే తీరం దాటింది. తెల్లారి చూస్తే మా గొడౌన్ మీద రేకులు లేవు. పట్టు నూలు, పడుగులు, నేసిన చీరలు తడిసి ముద్దయిపోయాయి. ఇళ్లలో మగ్గం గుంటల నిండా నీళ్లే.

మనవాళ్ల అలవాటు మీకు తెలుసు. పండగపూట ఇల్లు బురదగా ఉంటే ఊరుకోం. నేనే కుర్రాళ్లని పిలిచి, "కంపు కొట్టే సరుకంతా పారబొయ్యండ్రా" అన్నాను. గొడౌన్ శుభ్రంగా కడిగించాం. తర్వాత సర్వేయర్ గారు వచ్చి, "పాడైన సరుకు ఏదండీ?" అని అడిగారు. ఏం చూపిస్తాం? స్టాకు పుస్తకం కూడా కింది అరలో ఉండి తడిసిపోయింది. నూలు అమ్మినవాళ్ల దగ్గర బిల్లుల నకళ్లు దొరికాయి కాబట్టి ఆ మాత్రం లెక్కైనా తేలింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. సరుకు నాలుగు లక్షలది, పాలసీ రెండు లక్షలకి. బ్యాంకు అప్పు ఎంతో అంతకే చేయించాం. రెండు లక్షల లోపు నష్టమైతే మొత్తం వస్తుందనుకున్నాను. అలా కాదండి. సగం విలువకి పాలసీ ఉంటే నష్టంలో కూడా సగమే లెక్క కడతారు. లక్ష నష్టం తేలితే యాభై వేలు, అందులోనూ కొంత మినహాయిస్తారు. వచ్చింది కూడా అప్పులో జమైపోయింది. ఆ దీపావళికి నేతగాళ్లకి మజూరీ ఇవ్వలేక తల దించుకున్నాను.

2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చింది. మన తీరానికి అక్టోబర్ గాలుల నెల, మన గొడౌన్లు నిండుగా ఉండే నెల కూడా అదే. అందుకని పాలసీ ఆ నెల సరుకు విలువకి చేయించండి. తుఫాను, వరద రెండూ అందులో ఉన్నాయో లేదో చూడండి. ఇంట్లో మగ్గం ఉంటే ఆ మాట దాచొద్దు. సావుకారు నూలో, సంఘం నూలో మీ ఇంట్లో ఉంటే, ఇతరుల సరుకు ఉందని పాలసీలో రాయించండి. బిల్లులు, స్టాకు పుస్తకం ఫొటోలు తీసి వేరే ఊళ్లో ఉన్న పిల్లలకి ఫోనులో పంపి ఉంచండి.

గాలి తగ్గాక ముందు కంపెనీకి కబురు చేసి క్లెయిం నంబరు తీసుకోండి. చీపురు పట్టకముందే ఫొటోలు, వీడియో తియ్యండి. నీటి మట్టం గోడ మీద ఎంతవరకు వచ్చిందో కూడా తియ్యండి. ఆరబెట్టగలిగింది ఆరబెట్టండి, నష్టం పెరగకుండా చూడటం మన పనే. పాడైంది మాత్రం సర్వేయర్ చూసేదాకా పక్కన పెట్టండి. ఖాళీ కాగితం మీద సంతకం చెయ్యొద్దు. సర్వే రిపోర్టు నకలు అడగండి. ఇచ్చిన మొత్తం న్యాయం కాదనిపిస్తే, ఒప్పుకోవడం లేదని రాసి ఇవ్వండి.

కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెలైనా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మీ సొంత పేరునో, మీ సూక్ష్మ (మైక్రో) పరిశ్రమ పేరునో ఉన్న పాలసీకి ఇది వర్తిస్తుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏడాది లోపు వెళ్లాలి. ఒడిశావాళ్లకి భువనేశ్వర్, తమిళనాడుకి చెన్నై, కర్ణాటకకి బెంగళూరు, మహారాష్ట్రలో ముంబై, పుణె, ఠాణే. యానాం వాళ్లకి పుదుచ్చేరి కాదు, హైదరాబాద్.

ఇంటికెళ్లగానే బీరువాలోని పాలసీ కాగితం తియ్యండి, పిల్లలచేత చదివించుకోండి. ఎంత మొత్తానికి ఉంది, దేనికి ఉంది, ఎప్పటిదాకా ఉంది, ఈ మూడూ చూడండి. మేం ఆ పని గాలి వెళ్లిపోయాక చేశాం. మీరు ముందే చెయ్యండి.