ఫోనులో దూరిన దొంగ యాప్: మా సంఘంలో జరిగిన సంగతి

పొదుపు, అప్పుల లెక్కలు ఇందాకే చదివేశారు కాబట్టి మేము మళ్లీ చెప్పము. మా సంఘంలో జరిగిన ఒక సంగతి చెప్పమని సీసీ మేడం అడిగారు.

ఊడ్పుల రోజుల్లో మా వాట్సాప్ గ్రూపులోకి పీఎం కిసాన్ పేరుతో ఒక ఫైలు వచ్చింది. పంపింది బయటివాళ్లు కాదు, మా సభ్యురాలి నంబరే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఏడాదికి 6,000 రూపాయల్లో ఒక 2,000 విడత పడలేదని బెంగ పెట్టుకున్న మా రెండో లీడరు దాన్ని నొక్కేసింది. మెసేజీలు చదవడానికి అనుమతి అడిగితే అదీ ఇచ్చింది. తర్వాత చూస్తే స్క్రీను మీద ఆ యాప్ బొమ్మే లేదు. పోయిందిలే అనుకుంది.

పోలేదు. ఫోను ఊరికే వేడెక్కేది. పొద్దున్న చార్జింగ్ పెడితే మధ్యాహ్నానికి అయిపోయేది. బ్యాంకు ఓటీపీలు ఆమె కంట పడకుండానే దొంగకు వెళ్లిపోయాయి. చెన్నైలో పనిచేసే కొడుకు పంపిన డబ్బు రెండుసార్లుగా పోయింది. అదే ఫైలు ఆమె నంబరు నుంచి, ఆమెకు తెలియకుండానే, మాలో చాలామందికి వచ్చింది.

ఆమె రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. “లీడరువై ఉండి మోసపోయావేటి అంటారని సిగ్గేసింది” అంది. ఆ రెండు రోజుల్లోనే మరో ఇద్దరు దాన్ని నొక్కారు. ఆమె ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. మొదట ఫైలు వచ్చిన ఇంట్లోనూ దాచారు, మేమూ గ్రూపులో చూసి ఊరుకున్నాం.

డిగ్రీ చదివే మా ఊరి పిల్ల వచ్చి ముందు డేటా ఆపించింది. వేరే ఫోను నుంచి 1930కి చేయించి, బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించింది. యాప్ తీయడం కంటే ఇది ముందు చెయ్యాలి, ఎంత బేగి చెప్తే అంత డబ్బు మధ్యలో ఆగే వీలుంటుంది. బ్యాంకుకు చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. అందుకే ఫిర్యాదు నంబరు, టైము రాసి పెట్టుకోవాలి. ఆ మెసేజీలు చెరిపేయకూడదు, వాటి స్క్రీన్‌షాట్లు పోలీసులకు కావాలి.

తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచింది. స్క్రీను మీద దాక్కున్న యాప్ అక్కడ జాబితాలో దొరికింది. అన్ఇన్‌స్టాల్ నొక్కితే పడలేదు. సెక్యూరిటీలో ‘డివైస్ అడ్మిన్’ అనేచోట అది తిష్ట వేసింది. అక్కడ ఆపితే అప్పుడు పోయింది. కొన్నింటికి ఫోను సేఫ్ మోడ్‌లో పెట్టాలట. ‘యాక్సెసబిలిటీ’లో కూడా తెలియని పేరుంటే ఆపాలి. ఆఖరుకు ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ నొక్కి ఫోనంతా వెతికించి, పిన్నులు వేరే ఫోను నుంచి మార్పించింది. అప్పటికీ తేడాగా ఉంటే ఫోటోలు దాచుకుని ఫోను మొత్తం రీసెట్ చెయ్యమంది.

ఇలాంటి ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటుంది. బండి చలానా, బ్యాంకు కేవైసీ, పెళ్లి కార్డు, పేరేదైనా తోక ఇదే.

పోయినదాంట్లో కొంత బ్యాంకులో ఆగింది, మిగతాది ఇంకా రాలేదు. ఇప్పుడు నెల మీటింగులో పొదుపు పుస్తకాలు తీసేముందు ఆమే అందరి ఫోన్లూ తెరిపించి చూస్తోంది. బటన్ ఫోను ముసలమ్మలు మాత్రం పక్కన కూర్చుని నవ్వుతున్నారు.